చెప్పుల్లేకుండా పరుగు: అరికాలు గట్టిపడింది సరే, ఎముక సంగతేంటి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. వయసు 34, కూకట్‌పల్లి, ఐటీ ఉద్యోగం. ఏడాదిగా షూ వేసుకుని వారానికి మూడు రోజులు 5 కిలోమీటర్లు పరిగెడుతున్నారు. కుడి మోకాలు నొప్పి పెడుతోంది. మొన్న అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చెప్పుల్లేకుండా తిరిగారు. అరికాళ్లు గట్టిపడ్డాయి, మోకాలు కూడా తేలికపడినట్టు అనిపించింది. అందుకని షూ వాచ్‌మన్‌కు ఇచ్చేసి, ఇకనుంచి వట్టికాళ్లతోనే పరిగెత్తి, ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ (21 కిలోమీటర్లు) కూడా అలాగే చేద్దామనుకుంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి, పల్చటి అడుగున్న షూ కొనాలా, గాజు పెంకుల సంగతేంటి అన్నారు.

మొదలుపెట్టండి. కానీ ఐదు కిలోమీటర్లతో కాదు, ఐదు నిమిషాలతో. ఆగస్టులో హాఫ్ షూతోనే పరిగెత్తండి. పల్చటి షూ ఇప్పుడే కొనకండి.

ఇంతకంటే ముఖ్యమైన మాట ఇంకోటి ఉంది. మాల వేసుకోవడం వల్ల మీకు లాభమే జరిగిందని మీరు అనుకుంటున్నారు. పరుగు వరకు చూస్తే అది మీకు కొంచెం ప్రమాదం కూడా తెచ్చిపెట్టింది. ఎందుకో చెబుతాను.

ముందు నా సంగతి. 53 ఏళ్లు, హనుమకొండ, బ్యాంకు ఉద్యోగం. డాక్టర్ని కాను, ఫిజియోథెరపిస్టునీ కాను. పదకొండేళ్లుగా చెప్పుల్లేకుండా పరిగెడుతున్నాను. ఆదివారాలు పొద్దున్నే పదిమందిమి కలుస్తాం. ఇన్నేళ్లలో మా గుంపులో ముప్పై మందికి పైగానే వట్టికాళ్లతో మొదలుపెట్టారు. వాళ్లలో ఇప్పటికీ అలాగే పరిగెడుతున్నవాళ్లు ఎనిమిది మందో తొమ్మిది మందో. మిగతావాళ్లు షూలకు తిరిగి వెళ్లిపోయారు. అది ఓటమేమీ కాదు, కొందరికి అదే మంచిదైంది.

ఇప్పుడు మాల సంగతి. దీక్షలో మీరు సంపాదించింది చర్మం. అరికాలి చర్మం మూడు నాలుగు వారాల్లో మందమవుతుంది, ఇందులో గొప్పేమీ లేదు. పిక్క కండరాలకు రెండు నెలలు పడుతుంది. మడమ వెనక తాడులా చేతికి తగులుతుంది చూడండి, ఆ అకిలిస్ స్నాయువుకు అంతకంటే ఎక్కువ కావాలి. అన్నిటికంటే నిదానం ఎముక. పాదంలో 26 ఎముకలున్నాయి. వాటిలో వేళ్ల వెనక సన్నగా పొడుగ్గా ఉండేవి ఐదు, మెటాటార్సల్స్ అంటారు. షూ ఉన్నప్పుడు మడమ మీద పడే దెబ్బ, వట్టికాళ్లతో పరిగెత్తేటప్పుడు వీటి మీదికి వస్తుంది. కొత్త బరువు పడ్డ ఎముక ముందు తనలో పాత భాగాన్ని కొంత తొలగించుకుని, తర్వాత కొత్తది పోసుకుంటుంది. ఇంట్లో గోడ మార్చేటప్పుడు పాతది పగలగొట్టాక, కొత్తది లేచేలోపు కొన్నాళ్లు ఖాళీ ఉంటుంది కదా. ఆ మధ్యలో గాలివాన వస్తే ఏమవుతుందో, ఎముక ఆ దశలో ఉండగా మీరు రోజూ 5 కిలోమీటర్లు పరిగెత్తితే అదే అవుతుంది.

మామూలుగా కొత్తవాళ్లను ఈ ప్రమాదం నుంచి కాపాడేది వాళ్ల లేత అరికాలే. రెండొందల మీటర్లు పోగానే చర్మం మంటపుడుతుంది, మనిషి ఆగిపోతాడు. ఎముకకు దెబ్బ తగిలేంత దూరం పోనే పోడు. అరికాలు కూడా ఒక వాచ్‌మనే అన్నమాట. మీ వాచ్‌మన్ 41 రోజుల దీక్షలో అన్నిటికీ అలవాటుపడి నిద్రపోయాడు. మూడు కిలోమీటర్లు పోయినా లేచి అరవడు. లోపల ఎముక మాత్రం మాల వేయకముందు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. నడకలో ఎప్పుడూ ఒక కాలు నేలమీదే ఉంటుంది, మడమ ముందు ఆనుతుంది, పడే బరువు మన బరువు కంటే కొంచెమే ఎక్కువ. పరుగులో ఒక్కో అడుగుకు అది మన బరువుకు రెండు మూడు రెట్లు. కాబట్టి 41 రోజుల నడకను పరుగుకు సాధనగా లెక్క వేయకండి. అలిపిరి నుంచి 3,550 మెట్లు చెప్పుల్లేకుండా ఎక్కినవాళ్లు కూడా ఇదే పొరపాటు చేస్తుంటారు. ఎక్కడం వేరు, పరిగెత్తడం వేరు.

నాకు జరిగింది సరిగ్గా ఇదే. 42వ ఏట మొదలుపెట్టాను. చిన్నప్పుడు ఊళ్లో పదో తరగతి దాకా కబడ్డీ, ఖోఖో అన్నీ వట్టికాళ్లతోనే కదా, మనకు పుట్టుకతో వచ్చిన విద్య అనే ధీమా ఒకటి. మొదటి నెల బుద్ధిగానే ఉన్నాను. రెండో నెల చివర, జులైలో ఒకరోజు తెల్లవారుజామున ముసురు ఆగింది. రోడ్డు చల్లగా, నున్నగా ఉంది. కాళ్లు ఎగురుతున్నట్టే ఉన్నాయి. ఒక కిలోమీటరు అనుకున్నవాణ్ని ఏడు కొట్టాను. ఇంటికొచ్చి అరికాళ్లు చూసుకుంటే ఒక్క బొబ్బ లేదు. మా ఆవిడకు గొప్పగా చూపించాను కూడా. రెండు రోజుల తర్వాత ఎడమ పాదం పైభాగంలో, మూడో వేలికి రెండంగుళాల వెనక, బొటనవేలితో నొక్కితే ప్రాణం లేచొచ్చే చోటొకటి తయారైంది. కండరం పట్టేసిందిలే అనుకుని, ఆయింట్‌మెంట్ రాసుకుని ఇంకో పది రోజులు పరిగెత్తాను. ఎక్స్‌రే తీయిస్తే ఏమీ కనబడలేదు. సంతోషించి మళ్లీ పరిగెత్తాను. మూడు వారాల తర్వాత రెండో ఎక్స్‌రేలో ఎముక చుట్టూ కొత్తగా అతుకు పోసుకుంటున్న గుర్తు కనిపించింది. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. మార్చింగ్ చేసే సైనికులకు ఎక్కువగా వచ్చేది, అందుకే మార్చ్ ఫ్రాక్చర్ అనే పేరు కూడా ఉంది. ఎనిమిది వారాలు పరుగు బంద్. ఇలాంటి సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవడం మామూలేనని అప్పుడు తెలిసింది.

అందుకని ఒక్కటి గుర్తుపెట్టుకోండి. పిక్కలు నొప్పి పెడితే ఫర్వాలేదు, రెండు రోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టొచ్చు. పాదం పైభాగంలో ఒకే చోట, వేలితో చూపించగలిగేలా నొప్పి ఉంటే మాత్రం ఆ క్షణమే ఆపేయాలి. ఎక్స్‌రే బాగుందన్నా మోసపోకండి, ఎముకల డాక్టర్ని రెండోసారి అడగండి.

ఇది నా ఒక్కడి దురదృష్టం కాదు. 2013లో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ వాళ్లు షూతో పరిగెత్తే అలవాటున్నవాళ్లలో కొందరిని, వేళ్లు విడివిడిగా ఉండే పల్చటి షూలకు పది వారాల్లో మెల్లగా మార్చి, ముందూ తర్వాతా ఎమ్మారై తీశారు. అలా మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగింది. పాత షూలతోనే కొనసాగిన 17 మందిలో ఒక్కరికే అలా జరిగింది. పది వారాలు తీసుకుని మారినవాళ్ల సంగతే ఇది. మీరు ఒక్క రోజులో మారతానంటున్నారు.

పల్చటి షూ వద్దన్నది కూడా ఇందుకే. అవి చెడ్డవని కాదు, నా దగ్గరా ఒక జత ఉంది, చలికాలం రాళ్ల బాటల్లో వేసుకుంటాను. కానీ కొత్తవాడికి అవి రెండిందాలా నష్టం. షూలో ఉండే మెత్త లేదు, వట్టికాలికి ఉండే హెచ్చరికా లేదు. పైగా ధర చూస్తే బాగా పరిగెత్తే మామూలు షూ ఒకటి వచ్చేస్తుంది. ఈ షూలకు పేరు తెచ్చిన విబ్రమ్ కంపెనీ మీద అమెరికాలో దావా పడింది. పాదాలు బలపడతాయి, గాయాలు తగ్గుతాయి అని ఆధారం లేకుండా ప్రకటనలిచ్చారని ఆరోపణ. తప్పు ఒప్పుకోకుండానే 2014లో ఆ కంపెనీ 37.5 లక్షల డాలర్లకు రాజీ పడింది.

మోకాలు తగ్గినట్టుందన్నారు. అది మీ భ్రమ కాకపోవచ్చు. షూతో పరిగెత్తేవాళ్లలో ఎక్కువమంది కాలు బాగా ముందుకు చాచి మడమ మీద పడతారు, ఆ కుదుపు మోకాలికి పోతుంది. వట్టికాళ్లతో గట్టి నేల మీద అలా పడితే మడమ చురుక్కుమంటుంది కాబట్టి, అడుగు దానంతటదే పొట్టిదై, పాదం ముందు భాగం గానీ మధ్య భాగం గానీ ముందు ఆనుతుంది. హార్వర్డ్‌లో డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో నేచర్ పత్రికలో చూపించింది ఇదే. అలా ఆనినప్పుడు నేల తాకగానే వచ్చే ఆ మొదటి కుదుపు దాదాపు ఉండదు. ఆ రోజుల్లోనే ప్రపంచమంతా ఈ వట్టికాళ్ల పరుగు పిచ్చి పట్టుకుంది. కానీ కుదుపు ఎక్కడికీ మాయమైపోదు. మోకాలు పెట్టే ఖర్చు పిక్కా, అకిలిసూ పెట్టాల్సి వస్తుంది. మోకాలు నొప్పి ఉన్నవాడికి ఇది లాభసాటి బేరం కావచ్చు. పిక్కలు ఎప్పుడూ పట్టేసేవాడికి, మడమ శూల ఉన్నవాడికి నష్టం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పుట్టినప్పటినుంచి చెప్పుల్లేకుండా తిరిగేవాళ్లంతా మునివేళ్ల మీదే పరిగెడతారన్నది నిజం కాదు. 2013లో ఉత్తర కెన్యాలోని దాసనచ్ జనం మీద చేసిన పరిశీలనలో, తమకు అలవాటైన వేగంలో పరిగెత్తినప్పుడు ఎక్కువమంది మడమే ముందు ఆనించారు. వేగం పెంచినప్పుడే కొందరు మారారు. కాబట్టి యూట్యూబ్‌లో ఎవరో మడమ ఆనిస్తే పాపం అన్నట్టు చెబితే నమ్మకండి.

ఎలా పరిగెత్తాలి అంటే, అగ్నిగుండం తొక్కేవాళ్లను చూశారు కదా, పీర్ల పండగకో వీరభద్రుడి జాతరకో. కాలు ఆనీ ఆనకముందే ఎత్తేస్తారు. నేలను వెనక్కి తన్నరు, కాలును పైకి తీస్తారు. అంతే కిటుకు. బొబ్బలు ఎక్కువగా తన్నడం వల్ల, ఈడ్చడం వల్ల వస్తాయి, దూరం వల్ల కాదు. చప్పుడు వినండి. టపటపమని వినబడుతుంటే తప్పు, పిల్లి నడిచినట్టుంటే ఒప్పు. కుడి పాదం అర నిమిషంలో ఎన్నిసార్లు నేల తాకుతోందో లెక్కపెట్టండి. నలభై లోపు ఉంటే అడుగులు పొడుగ్గా పడుతున్నాయన్నమాట, 43-45 మధ్యకు తెచ్చుకోండి. వేగం పెంచమనడం లేదు, అడుగు తగ్గించమంటున్నాను.

కొత్తవాళ్లలో పదిమందిలో ఏడుగురు చేసే తప్పు: మడమను అసలు నేలకు తాకనివ్వకపోవడం. ముందు భాగం ఆనాక మడమ మెల్లగా దిగి నేలను ముద్దాడాలి, అప్పుడే పిక్క ఒక క్షణం వదులవుతుంది. బ్యాలే నాట్యంలా మునివేళ్ల మీదే పోతే మూడో రోజు మెట్లు దిగలేరు. మా గుంపులో ఒకాయన అలాగే పది నిమిషాలు పరిగెత్తి, నాలుగు రోజులు ఆఫీసులో లిఫ్టు దగ్గర నిలబడ్డాడు, అదీ మొదటి అంతస్తుకు. అనుమానంగా ఉంటే తాడాట ఆడి చూడండి. గెంతినప్పుడు పాదం ఎలా దిగుతుందో పరుగులోనూ అంతే.

ఎక్కడ మొదలుపెట్టాలి? అందరూ గడ్డి మీదో ఇసుక మీదో అంటారు. నేను ఒప్పుకోను. గడ్డి మెత్తగా ఉండి మీ తప్పు అడుగును దాచేస్తుంది, దాంతోపాటు పల్లేరుకాయల్నీ దాస్తుంది. పల్లేరుకాయ గుచ్చుకున్నవాడికి చెప్పక్కర్లేదు, ఎటు పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. పొడి ఇసుకలో మడమ కిందికి దిగబడి అకిలిస్ లాగుతుంది. విశాఖలో ఆర్కే బీచ్ తడి ఇసుక బాగుంటుంది గానీ అది సముద్రం వైపు వాలుగా ఉంటుంది, ఒక కాలు పొట్టి చేసుకుని పరిగెత్తినట్టవుతుంది. అక్కడ పరిగెత్తితే పోయినంత దూరం అదే దారిలో తిరిగి రావాలి, అప్పుడే రెండు కాళ్లకూ సమానమవుతుంది. అదీ కొంచెం దూరమే. నేర్చుకోవడానికి నా ఓటు నున్నటి, గట్టి, శుభ్రమైన నేలకే. మీ అపార్ట్‌మెంట్ డాబా ఊడ్చి ఉంటే అంతకంటే మంచి చోటు లేదు. గట్టి నేల అబద్ధం చెప్పదు, తప్పుగా పడితే అప్పుడే చెప్పేస్తుంది. స్టేడియంలో సింథటిక్ ట్రాక్ దొరికితే మంచిదే, కాకపోతే మలుపుల్లో చర్మాన్ని గీరుతుంది, అక్కడ నిదానించండి. ట్రెడ్‌మిల్ మీద వద్దు, బెల్టు వేడెక్కి బొబ్బలు లేపుతుంది. మట్టి బాట మూడు నాలుగు నెలల తర్వాత.

ఇక లెక్క. మొదటి రెండు వారాలు పరుగే వద్దు. ఇంట్లో చెప్పులు మానేయండి. డాబా మీద పావుగంట చురుగ్గా నడవండి. పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, ఒక నిమిషం కుడి, ఒక నిమిషం ఎడమ. మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించండి, రోజుకు 15 చొప్పున రెండుసార్లు. నేల మీద తువ్వాలు పరిచి కాలివేళ్లతో దగ్గరికి లాక్కోండి. ఆఖరిది పిల్లలాటలా ఉంటుంది, కానీ మొదటి రోజే అరికాలు పట్టేస్తే ఆ కండరాలు ఎన్నాళ్లుగా పనిలేకుండా కూర్చున్నాయో అర్థమవుతుంది.

మూడో వారం నుంచి, మామూలుగా షూతో మీ పరుగు పూర్తి చేయండి. రోజూ కంటే కాస్త తగ్గించండి. తర్వాత షూ విప్పి ఐదు నిమిషాలు. ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక. వారానికి మూడుసార్లే, మధ్యలో ఒక రోజు ఖాళీ తప్పనిసరి. కొందరు వట్టికాళ్ల పరుగు ముందే చేయాలంటారు, అలసిపోయాక అడుగు చెడుతుందని. అందులో నిజం ఉంది. కానీ ముందు మొదలుపెడితే మీలాంటి ఉత్సాహవంతులు ఆగరు, అందుకే చివర్లో చేయమంటున్నాను. అలసట ఎక్కువున్న రోజు మానేయండి. వారానికి రెండు నిమిషాలు పెంచుకుంటూ పొండి. ప్రతి నాలుగో వారం పెంచకండి, అప్పటికున్నదాంట్లో సగమే చేయండి. ఎముక గోడ లేవడానికి ఆ విరామమే కావాలి. ఇలా పోతే నాలుగో నెలకు ఆగకుండా రెండు మూడు కిలోమీటర్లు వస్తుంది. ఇది చదివి "ఇంత నిదానమా" అని మీకు టెన్షన్ వస్తుందని తెలుసు. అరికాలి చర్మం ఇంకా గట్టిపడని కొత్తవాడికి ఇంత కచ్చితంగా చెప్పను, వాడి అరికాలే చెబుతుంది. మీకు మాత్రం గడియారమే వాచ్‌మన్.

ఇప్పుడు ఫిబ్రవరి. మీ నాలుగో నెల మేలో పడుతుంది. ఎండ మాట మరిచిపోకండి. తిరుమలలో మాడవీధుల్లో తెల్ల రంగు ఎందుకు వేస్తారో మీకు తెలుసు. గాలిలో 40 డిగ్రీలున్నప్పుడు ఎండలో ఉన్న తారు 60 దాటడం మామూలు, సెకన్లలో చర్మం కాలుతుంది. గట్టిపడ్డ అరికాలికి ఆ వేడి ఆలస్యంగా తెలుస్తుంది, అదీ ఇబ్బందే. ఏప్రిల్, మే నెలల్లో ఏడు లోపు ఇంటికి చేరాలి. సాయంత్రం పరుగు వద్దు, సూర్యుడు పోయినా తారు గంటల తరబడి వేడి కక్కుతూనే ఉంటుంది. ఒక ఏప్రిల్‌లో తొమ్మిదింటికి స్టేడియం నుంచి కారు దాకా రెండొందల మీటర్లు నడిచి, రెండు పాదాలకూ బొబ్బలు తెచ్చుకున్నాను. పరుగంతా నీడలో బాగానే జరిగింది, పార్కింగ్ ముంచింది. అప్పటినుంచి నడుముకు ఒక గుడ్డ సంచి, అందులో హవాయి చెప్పులు ఉంటాయి. చెప్పుల్లేకుండా పరిగెత్తేవాడు చెప్పులు మోసుకెళ్లడం చూసి జనం నవ్వుతారు. నవ్వనివ్వండి.

జనం అంటే గుర్తొచ్చింది. "సార్, మొక్కుందా?" అని అడుగుతారు. "చెప్పులు పోయాయా?" అంటారు. మా అమ్మ అయితే రెండేళ్లపాటు, "బ్యాంకులో ఉద్యోగం చేస్తూ చెప్పులు కొనుక్కోలేక తిరుగుతున్నాడని నలుగురూ అనుకుంటార్రా" అని బాధపడింది. చెప్పుల్లేకుండా బడికి పోయిన తరం వాళ్లది. వాళ్ల దృష్టిలో చెప్పులంటే ఎదుగుదల. నా దగ్గర దానికి ఇప్పటికీ సమాధానం లేదు, తెల్లవారకముందే పోయి రావడం తప్ప.

గాజు పెంకుల గురించి అందరూ భయపడతారు. పదకొండేళ్లలో నాకు గాజు దిగింది రెండుసార్లు, రెండూ పిన్నీసుతో తీసేసేంత చిన్నవే. కాలు పైనుంచి దించి ఎత్తితే పెంకు అంతగా దిగదు, ఈడిస్తేనే కోస్తుంది. మూడు గజాల ముందు నేలను చూడటం కొన్ని వారాల్లో అలవాటవుతుంది. ఫోను, ఇయర్‌ఫోన్లు మాత్రం పక్కన పెట్టండి. నాకు గాజు కంటే సర్కారు తుమ్మ ముల్లంటే భయం. లోపల విరిగితే చీము పడుతుంది, ఇంట్లో కెలక్కుండా డాక్టర్ దగ్గరికి పొండి. టీటీ ఇంజెక్షన్ వేసుకుని పదేళ్లు దాటితే మొదలుపెట్టకముందే వేయించుకోండి. ఆరుబయట మలవిసర్జన జరిగే మైదానాల్లో పరిగెత్తకండి. కొంకిపురుగు పిల్లలు తడి మట్టిలో ఉండి నేరుగా పాదం చర్మంలోంచే లోపలికి పోతాయి, తర్వాత రక్తహీనత తెస్తాయి. వానాకాలం రోడ్డు మీద నిలిచిన మురికినీళ్లలో, కాలికి చిన్న గాటున్నా అడుగు పెట్టొద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీటివల్ల జ్వరాలొస్తాయి. వచ్చాక సబ్బుతో కడిగి, వేళ్ల మధ్య తుడిచి, వెలుతురులో అరికాలు చూసుకోవడం రోజూ చేయాల్సిన పని. మడమలు పగిలితే రాత్రి కొబ్బరినూనె రాయండి, మరీ మందంగా లేచిన అంచులు స్నానం చేశాక రాయితో రుద్దండి. కాయ కాసినట్టు గరుకుగా ఉండటం గొప్ప కాదు, అది పగిలితే వారం పోతుంది. అలవాటైన అరికాలు తోలులా నున్నగా ఉంటుంది.

షుగర్ ఉన్నవాళ్లు దీని జోలికి రావద్దు. మీకు లేదనే అనుకుంటున్నాను, కానీ ఈ సమాధానం ఇంకెవరైనా చదవొచ్చు. మా బ్రాంచిలో ఒకాయన ఉత్సాహంగా నా వెంట రెండు రోజులు వచ్చాడు. రెండో రోజు సాక్సు తొడుక్కుంటుంటే మరక కనిపించింది, చూస్తే చిన్న సీల దిగి ఉంది. ఎప్పుడు దిగిందో ఆయనకు తెలియనే తెలియదు. అరికాలికి స్పర్శ తగ్గినవాళ్లకు వట్టికాళ్ల పరుగులో మంచేమీ లేదు. ఎముకలు గుల్లబారినవాళ్లూ డాక్టర్ని అడగకుండా చేయొద్దు.

మోకాలి కోసమే ఇదంతా అయితే, మా గుంపులోనే ఒక టీచరమ్మ కథ మీకు పనికొస్తుంది. ఆమెకూ మోకాలే బాధ. ఐదు నెలలు నేను చెప్పినట్టే చేసింది, కానీ పిక్కలు ఒప్పుకోలేదు, ప్రతి పది రోజులకూ పట్టేసేవి. ఆఖరికి షూకే వెళ్లిపోయింది. అయితే ఆ ఐదు నెలల్లో నేర్చుకున్న పొట్టి అడుగు, చప్పుడు లేని అడుగు షూలో కూడా నిలిచిపోయింది. మోకాలు నొప్పి మళ్లీ రాలేదు. ఇప్పటికీ పరుగు అయ్యాక పది నిమిషాలు షూ విప్పి పరిగెత్తుతుంది, అడుగు సరిచూసుకోవడానికట. నన్నడిగితే మీకు కావాల్సింది కూడా బహుశా ఇదే, పూర్తిగా వట్టికాళ్లకు మారిపోవడం కాదు. మోకాలు ఇంకా తగ్గకపోతే, వాస్తే, మెట్లెక్కేటప్పుడు పట్టేస్తే ఎముకల డాక్టర్‌కు ఒకసారి చూపించండి. చెప్పులు విప్పినంత మాత్రాన అన్ని మోకాళ్లూ బాగుపడవు.

దానికి ఎదురు కథ ఒక కానిస్టేబుల్‌ది. 88 కిలోలు, పాత కబడ్డీ ఆటగాడు. బరువున్నవాడు కదా, వీడికి పడదనుకున్నాను. ఆయన మాత్రం చెప్పింది చెప్పినట్టు, విసుక్కోకుండా, ఏడాదిన్నర తీసుకున్నాడు. ఇప్పుడు 10 కిలోమీటర్లు నాకంటే హాయిగా పరిగెడతాడు. రహస్యమేంటంటే ఆయన దగ్గర ఫోనులో దూరం చూపించే యాప్ లేదు.

ఆగస్టు హాఫ్ గురించి చివరగా. అబెబె బికిలా 1960లో రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌ను వట్టికాళ్లతో 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడని మీరు ప్రశ్నలో రాశారు. నిజమే. కానీ ఆయన ఇథియోపియాలో అలా పరిగెత్తుతూ సాధన చేసి వచ్చినవాడు. ఆ ఉదాహరణ తెచ్చినవాళ్లు నాలుగేళ్ల తర్వాతి టోక్యో సంగతి చెప్పరు. అక్కడ షూ వేసుకుని పరిగెత్తి, దాదాపు మూడు నిమిషాలు తగ్గించి మళ్లీ గెలిచాడు. వట్టికాళ్లతో దూరాలు పరిగెత్తే నటుడు మిలింద్ సోమన్ పేరు కూడా రాశారు. ఆయన పరుగులో చాలా ఏళ్లు గడిపాక చేసిన పనులవి.

హైదరాబాద్ మారథాన్ దారిలో ఫ్లైఓవర్లు చాలా ఉంటాయి. ఎక్కేటప్పుడు అకిలిస్‌కు, దిగేటప్పుడు మెటాటార్సల్స్‌కు పని పడుతుంది. అక్కడక్కడ రోడ్డు గరుకుగా, చిన్న కంకర తేలి ఉంటుంది. వానాకాలం కాబట్టి చర్మం తడిసి మెత్తబడుతుంది, అలాంటప్పుడు కంకర మీద గంటన్నర తర్వాత ఏమవుతుందో అనుభవించాను, మళ్లీ వద్దు. నేను మొదటి వట్టికాళ్ల హాఫ్ పరిగెత్తింది మూడో ఏట. మీరు కుర్రాళ్లు, వచ్చే ఏడాది 10 కిలోమీటర్లు అలా పరిగెత్తండి, ఆ పై ఏడాది హాఫ్ సంగతి చూద్దాం.

ఈ ఆగస్టుకు మాత్రం షూ కావాలి. వాచ్‌మన్‌కు ఇంకా ఇచ్చి ఉండకపోతే ఉంచేసుకోండి, ఇచ్చేసి ఉంటే కొత్త జత మార్చిలోనే కొనండి, పాదానికి అలవాటు కావడానికి టైముంటుంది. అర సైజు పెద్దది చూడండి, రెండు నెలల తాడాటా తువ్వాలు కసరత్తూ అయ్యాక వేళ్లు విచ్చుకుని, పాత సైజు బిగుతు కావచ్చు.